ఉప్పు చూసే మనిషి

తూర్పుమెరక ఊరి చివర, పొలాల మురుగునీళ్ళు బయటికి పోయే డ్రైను మీద ఒక తూము ఉంది. దానికి ఆరు ఇనుప తలుపులు. వాటిని ఎత్తడం, దించడం బెంజమిన్ ఉద్యోగం. నీటిపారుదల శాఖలో ఆ ఉద్యోగాన్ని లస్కరు అంటారు. తూముకి ఎగువన పొలాలు, కొబ్బరితోటలు. దిగువన నాలుగు మైళ్ళలో సముద్రం.

రాజోలు వైపు కాలువలన్నిటికీ ఆఖరున ఉన్న ఊరు అది. కాలువ నీళ్ళు అక్కడిదాకా వచ్చేసరికి తడి తప్ప ఏమీ మిగలదు. అందుకని ఊరు డ్రైను నీళ్ళతోనే బతుకుతుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు, డ్రైను కలిసే గోదావరి పాయలోంచి నీళ్ళు డ్రైనులోకి ఎదురెక్కుతాయి. గోదావరి నిండుగా ఉన్న నెలల్లో ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయి. తలుపులు ఎత్తి ఉంచితే పొలాలు తాగుతాయి. గోదావరి తగ్గాక అవే నీళ్ళు ఉప్పగా వస్తాయి. తలుపులు దించకపోతే పొలాలు చస్తాయి. వచ్చేవి ఏ నీళ్ళో కంటికి తెలియదు. నోటికే తెలుస్తుంది.

పోటు మొదలయ్యే వేళకి బెంజమిన్ తూము పక్క మెట్లు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకునేవాడు. కాసేపు నాలుక మీద ఉంచి పక్కకి ఉమ్మేసేవాడు. తర్వాత పైకి వచ్చి పుస్తకంలో ఒక మాట రాసేవాడు. అతనికి నాలుగే మాటలు. చప్పన. అనుమానం. ఉప్పన. కషాయం. చప్పన అయితే తలుపులు ఎత్తే ఉంటాయి. ఉప్పన, కషాయం అయితే దిగిపోతాయి. అనుమానం దగ్గరే ఉంది పనితనమంతా. ఇంకో గంటలో ఉప్పు వస్తుందని నీళ్ళు ముందుగా చెప్పే మాట అది. ఆ మాట పట్టుకోగలిగినవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే అనేవారు.

ఆ పుస్తకం రాయమని పై అధికారులు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాది, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, తనంతట తనే మొదలుపెట్టాడు. ఏడాదికొక పుస్తకం. తారీకు, తిథి, పోటు వేళ, ఆ ఒక్క మాట. తిథి కోసం ప్రతి ఉగాదికీ పంచాంగం కొనేవాడు. చర్చి క్యాలెండరు పక్కనే దాన్ని మేకుకి తగిలించేవాడు. ఒకసారి ప్రార్థనకి ఇంటికి వచ్చిన పాస్టరుగారు అది చూసి, "ఇదేంటి బెంజమిన్ గారూ, రెండు పడవల మీద కాళ్ళేసేరు?" అని నవ్వారు.

"సముద్రానికి తారీకులు తెలీవండి. తిథులే తెల్సు" అన్నాడు బెంజమిన్.

అతని తండ్రి ఆ పొలాల్లోనే పాలేరు. ఆయన ముట్టుకున్న కడవలో నీళ్ళు పారబోసిన ఇళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళే ఇప్పుడు తెల్లారగానే తూము దగ్గరికి వచ్చి, "ఏమంటున్నాయి బెంజమిన్ గారూ నీళ్ళు?" అని అడిగేవారు. అతను నోట్లో పోసుకుని ఉమ్మి చెప్పాకే పొలానికి నీళ్ళు పెట్టుకునేవారు. తండ్రిని చచ్చేదాకా ఎవరూ గారు అనలేదు. కొడుక్కి ఆ గారు నాలుక వల్ల వచ్చింది. ఆ సంగతి బెంజమిన్‌కి తెలుసు. ఊరికీ తెలుసు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు అతను పదిహేడు రోజులు మంచం మీద ఉన్నాడు. జ్వరం తగ్గి లేచాడు. వాసన, రుచి పోయాయి. అందరికీ పోయి నెలకో రెండు నెలలకో తిరిగి వచ్చాయి. అతనికి వాసన వచ్చింది. రుచి రాలేదు.

ముందుగా కనిపెట్టింది భార్య పుష్పలత. ఆమె అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. ఒకరోజు చేపల పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. తను ముద్ద నోట్లో పెట్టుకునేసరికి బెంజమిన్ రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

"పులుసెలా ఉందండి?"

"బాగుంది."

ఆమె మర్నాడు పప్పులో ఉప్పు రెండింతలు వేసింది. అతను దానికీ బాగుందన్నాడు. పుష్పలత కంచం పక్కకి పెట్టింది.

"ఎన్నాళ్ళనుంచండి?"

అతను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "జ్వరం తగ్గిన కాడ్నుంచి."

"మరి తూము కాడ?"

"చూస్తన్నాను."

"దేంతో చూస్తన్నారు?"

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. పిల్లి గడప మీద కూర్చుని ఇద్దరినీ చూస్తోంది. పుష్పలత నెమ్మదిగా అంది: "ఆఫీసులో చెప్పెయ్యండి. రోగమొచ్చిపోయింది. ఎవరేమంటారు?"

"ఏమని చెప్పను? నాలిక పోయింది, ఇంకోణ్ణి పంపండని దరఖాస్తు పెట్టుకోనా? ఇంకోడెవడున్నాడే?"

"పోనీ నేనొచ్చి చూస్తాను. మీరు రాసుకోండి."

"ఊరు నవ్వుద్ది" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

దేంతో చూస్తున్నాడో ఆమెకి తర్వాత తెలిసింది. పదేళ్ళ కిందటి పుస్తకం తీసి అదే మాసం, అదే తిథి ఉన్న పేజీ వెతికేవాడు. అక్కడ ఏ మాట ఉంటే ఆ మాట కొత్త పుస్తకంలో రాసేవాడు. తలుపులూ దాని ప్రకారమే. మెట్లు దిగడం, దోసిలి పట్టడం, ఉమ్మడం మానలేదు. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకి తేడా ఏమీ తెలియదు.

సముద్రం తిథులు తప్పదు. బెంజమిన్ నమ్మింది అదే. కానీ పదేళ్ళలో గోదావరి మారింది. ఎగువన ఎన్ని రాష్ట్రాలు దాటి, ఎన్ని ఆనకట్టలు దాటి ఇక్కడికి వస్తుందో అది. పుష్యమాసందాకా తియ్యగా ఉండే నీళ్ళు కార్తీకంలోనే ఉప్పెక్కుతున్నాయి. పాత పుస్తకం చప్పన అంటోంది. తలుపులు ఎత్తే ఉంటున్నాయి.

రెండో ఏడు డ్రైను పక్క చేలు ఎర్రబారాయి. మూడో ఏడు కొబ్బరిచెట్లకి మొవ్వు వాలింది. మట్టలు ఒక్కొక్కటే రాలిపోయి, చెట్లు వరసగా తలల్లేకుండా నిలబడ్డాయి. ఊళ్ళోవాళ్ళు రొయ్యల చెరువుల్ని తిట్టారు. తాటిపాక వైపు గ్యాసు బావుల వల్ల నేల కుంగిందన్నారు. డ్రైను తవ్వని కాంట్రాక్టర్ని తిట్టారు. బెంజమిన్‌ని ఎవరూ ఏమీ అనలేదు. అతను ఆ చెట్ల మధ్య నుంచే రోజూ సైకిల్ మీద వెళ్ళి వచ్చేవాడు. చెడింది ఎంత తన వల్ల, ఎంత సముద్రం వల్ల అని లెక్క తేల్చుకోవాలని చూసేవాడు. తేలేది కాదు.

నాలుగో ఏడు మాఘమాసంలో జీపులు వచ్చాయి.

అమలాపురం నుంచి అసిస్టెంట్ ఇంజనీరు ప్రశాంతి ముందురోజే ఫోను చేసి చెప్పింది. మన రాష్ట్ర ప్రభుత్వమూ, సముద్రాల అవతల ఇంకో దేశంలోని ఒక రాష్ట్ర ప్రభుత్వమూ ఒప్పందం చేసుకున్నాయట. వాళ్ళదీ డెల్టాయే, వాళ్ళ భూములూ ఉప్పుతో పోతున్నాయి. దేశాలు దేశాలు మాట్లాడుకుని తేలేలోపు నేల ఆగదని, ప్రాంతాల ప్రభుత్వాలే ఒకదానికొకటి సాయం చేసుకోవాలని ఆ ఒప్పందం. కోనసీమలో మూడు డ్రైన్లు ఎంచుకుంటారు. వాటికి పోటు తగిలితే తమంతట తామే మూసుకునే తలుపులు పెడతారు, కాలువ నుంచి మంచినీళ్ళ వాటా ఇస్తారు, పోయిన తోటల్లో మళ్ళీ మొక్కలు వేయిస్తారు.

"మన తూర్పుమెరక పేరు ముందుంది బెంజమిన్ గారూ. ఎందుకో తెల్సాండీ? ఉప్పు ఎప్పుడెంత ఉందో ఇన్నేళ్ళ రికార్డు ఇంకే డ్రైనుకీ లేదు. మీ పుస్తకాల ఫోటోలు చూపిస్తే వాళ్ళు నోరెళ్ళబెట్టేరు."

"ఆయ్" అన్నాడు బెంజమిన్.

ఎనిమిది మంది దిగారు. వాళ్ళలో ఆ దేశం నుంచి వచ్చిన ఒక పొడుగాటి పెద్దాయన తలుపుల తుప్పు చేత్తో తడిమి చూశాడు. ఆయన మాటలు ప్రశాంతి తెలుగులో చెప్పింది: వాళ్ళ తాత కూడా ఇలాంటి తూము మీదే పనిచేశాడట, ఆయనా నీళ్ళు నోట్లో పోసుకునే చూసేవాడట, ఇప్పుడు అక్కడ అలా చూడగలిగినవాళ్ళు ఎవరూ లేరట. చెప్పడం అయ్యాక ఆ పెద్దాయన బెంజమిన్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక్కసారి చూపించమన్నాడు.

ఊరంతా గట్టు మీద ఉంది. కెమెరా ఉంది. బెంజమిన్ మెట్లు దిగాడు. నీళ్ళు నోట్లో చల్లగా ఉన్నాయి. అంతే ఉన్నాయి. ఉమ్మాడు. పౌర్ణమి వెళ్ళిన అయిదో రోజు. పదేళ్ళ కిందటి పేజీ పొద్దున్నే చూసుకున్నాడు.

"అనుమానం" అన్నాడు.

పెద్దాయన పక్కనున్న అమ్మాయి ఉప్పు కొలిచే మీటరు ఒకటి నీళ్ళలో ముంచింది. అంకె చూసి ఏదో అంది. ప్రశాంతి ముఖం మీద కొంచెం తికమక కనిపించి పోయింది. ఆమె నవ్వుతూ తెలుగులో అందరికీ వినబడేలా అంది: "మీటరు చాలా ఎక్కువ చూపిస్తోందండి. కొత్తది కదా, ఇంకా సరిచూసుకోవాలంట. మాకు మాత్రం బెంజమిన్ గారి మాటే లెక్క."

గట్టు మీద చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టాడు. ముప్పై ఒక్క పుస్తకాలూ అట్టపెట్టెలో సర్ది జీపులో పెట్టుకుని వెళ్ళారు.

ఆ రోజు పుష్పలత వంట చెయ్యలేదు. పొద్దున మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ముందు పెట్టింది.

మూడు నెలలకి రాజేంద్రప్రసాద్ తూము దగ్గరికి వచ్చాడు. డ్రైను పక్క తోటలు ఎక్కువ పోయింది ఆయనవే. ఒకప్పుడు బెంజమిన్ తండ్రి పాలేరుతనం చేసింది ఆయన తాతగారి దగ్గర. చేతిలో కాగితం ఉంది.

"మన పేరు ఎగిరిపోయింది బెంజమిన్ గారూ."

"ఎలాగండి?"

"మీ పుస్తకాలు లెక్కలేసేరంట. మొదటి ఇరవై ఏడేళ్ళూ ఉప్పు పెరుగుతా వచ్చిందంట. ఆఖరు నాలుగేళ్ళూ పెరగలేదంట, తగ్గిందంట. డ్రైను దానంతటదే కోలుకుంటోంది, సాయం అవసరమైనవాళ్ళు వేరే ఉన్నారు అని రాసేరు. ఇదిగో, తెలుగులోనే ఉంది, చదువుకోండి."

బెంజమిన్ చదివాడు. కాగితంలో రెండు ప్రభుత్వాల ముద్రలు పక్కపక్కనే ఉన్నాయి.

"కోలుకుంటోందంట!" రాజేంద్రప్రసాద్ చెట్ల వైపు చెయ్యి చాపాడు. "ఆ తలకాయల్లేని వెధవల్ని చూసి చెప్పమనండి కోలుకుంటోందో లేదో! ఆళ్ళకి చెట్లక్కర్లేదండి, పుస్తకం కావాలి." కాసేపు గట్టు మీద కూర్చున్నాడు. కోపం దిగింది. లేవబోతూ, కొంచెం నవ్వి, "ఈ నిజాయితీ మనల్ని ముంచేసిందండి. మీరు ఒక్క రెండేళ్ళన్నా అబద్ధం రాసుంటే పోయేది కదా బెంజమిన్ గారూ" అన్నాడు.

ఆయన వెళ్ళాక చాలాసేపు బెంజమిన్ అక్కడే నిలబడ్డాడు. పోటు మొదలైంది. ఆ పూట మెట్లు దిగలేదు. తలుపులు మొత్తం దించేశాడు.

"చెప్పేస్తాను" అన్నాడు ఇంటికి వచ్చి.

పుష్పలత చేటలో బియ్యం చూసుకుంటూ తలెత్తలేదు. "చెప్తే గేట్లొస్తాయా?"

"వస్తాయేమో. మళ్ళీ కొలుస్తారు. మీటరు ఉంది కదా ఆళ్ళకాడ."

"రాకపోతే?"

"రాకపోతే... ఆ నాలుగేళ్ళూ నిజమని ఉండిపోద్ది కదే. పుస్తకం నాది."

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కి అమలాపురం వెళ్ళాడు. ఆఫీసులో ప్రశాంతి కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"నాకు రుచి తెలీదు మేడం గారూ. కరోనా కాడ్నుంచీ."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కలం కింద పెట్టింది.

"మరి పుస్తకాలు?"

"పదేళ్ళ కిందటివి చూసి ఎక్కించేనండి. తిథుల ప్రకారం."

"నాలుగేళ్ళూనా?"

"ఆయ్."

"ఆ రోజు అందరి ముందూ..."

"అదీ అంతేనండి."

ప్రశాంతి కిటికీ వైపు చూసింది. మీటరు చూపించిన అంకె గుర్తొచ్చి ఉంటుంది. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని బెంజమిన్‌కి అనిపించింది.

"చూడండి. మొదటి విడతలో పేరు పోయినా రెండో విడతలో మనది ఉంది. ఇప్పుడు నేను ఇది రాసి పంపేననుకోండి. నాలుగేళ్ళు తప్పని మీరే చెప్తున్నారు. మిగతా ఇరవై ఏడూ ఒప్పని ఆళ్ళు ఎందుకు నమ్మాలండీ?"

"అవి నేను చూసి రాసినవండి."

"నాకు తెల్సు. ఆళ్ళకెలా తెలుస్తుంది?"

బెంజమిన్ దానికి జవాబు వెతికాడు. ఇరవై ఏడేళ్ళ నోటికి సాక్ష్యం ఎక్కడ ఉంటుంది? ఉమ్మిన నీళ్ళు సముద్రంలోకి పోయాయి.

"రెండో విడత ఎప్పుడండి?"

"రెండు ప్రభుత్వాలూ మళ్ళీ కూర్చోవాలి. అయిదేళ్ళో, ఆరేళ్ళో."

"అప్పటిదాకా మా ఊరి కొబ్బరి ఆగదండి. మీరు రాయండి. మళ్ళీ కొలవమని కూడా రాయండి."

"నేనొకదాన్ని రాస్తే సరిపోదు. మీ చేత్తో మీరు రాసివ్వాలి."

ఆమె తెల్లకాగితం ఇచ్చింది. అప్పుడు కూర్చున్నాడు. ఎప్పుడూ ఒక్క మాట రాసి వదిలే చెయ్యి. ఆ అరపేజీ రాయడానికి గంట పట్టింది. సంతకం కింద తారీకు వేశాడు. అలవాటు కొద్దీ దాని పక్కన తిథి కూడా వేశాడు.

జవాబు ఆషాఢంలో వచ్చింది. అక్కడి ప్రభుత్వం ఇక్కడి ప్రభుత్వానికి రాసింది, ఇక్కడి ప్రభుత్వం జిల్లాకి రాసింది, జిల్లా అమలాపురానికి రాసింది. తూర్పుమెరక రికార్డు నమ్మదగినది కానందున, ఆ డ్రైనును అధ్యయనం నుంచే తొలగించడమైనది. ఇకమీదట ఏ లస్కరు దగ్గర ఉన్న పుస్తకాన్నీ ఆధారంగా తీసుకోరాదు. మళ్ళీ కొలిచే విషయం ఎక్కడా లేదు. తప్పు ఒప్పుకున్నందుకు, వయసు దృష్ట్యా, బెంజమిన్ మీద చర్య ఏదీ తీసుకోలేదు. ముప్పై ఒక్క పుస్తకాలూ తిరిగి వచ్చాయి. పంపిన పెట్టెలోనే వచ్చాయి.

ఊరికి తెలిసింది. ఎవరూ కేకలెయ్యలేదు. తెల్లారగానే తూము దగ్గరికి రావడం మానేశారు, అంతే. ఆదివారం చర్చిలో అతని పక్కన ఎప్పటిలాగే కూర్చున్నారు. బయటికి వచ్చాక మాత్రం ఎవరి చెప్పులు వాళ్ళు వేసుకుని వెళ్ళిపోయారు.

ఒకరోజు రాజేంద్రప్రసాద్ తోటలో చెట్లు కొట్టిస్తున్నాడు. కొట్టినవాటిని ట్రాక్టర్ మీదకి ఎక్కిస్తున్నారు. మోకాలెత్తు బురద. దారికి అడ్డంగా పడిన మాను దగ్గర బెంజమిన్ సైకిల్ దిగి నిలబడ్డాడు. ఎవరూ తియ్యలేదు.

"నా ఎదురుగానే కదా నిలబడ్డావు ఆ రోజు" అన్నాడు రాజేంద్రప్రసాద్. "అబద్ధం రాసుంటే బాగుండేదన్నానే. నోట్లో ఏం పెట్టుకుని ఊరుకున్నావు బెంజమినూ?"

గారు లేదు. మీరు కూడా లేదు. తండ్రిని పిలిచిన గొంతే అది. బెంజమిన్ దాన్ని చిన్నప్పుడు విన్నాడు.

"తప్పయిపోయిందండి" అన్నాడు.

"తప్పని రాసిచ్చి ఉన్నదీ పోగొట్టేవు. చెప్పకుండా అన్నా ఉండాల్సింది. లేదా మొదట్లోనే చెప్పుండాల్సింది. దాచడమూ చేసేవు, చెప్పడమూ చేసేవు కదయ్యా."

బెంజమిన్ సైకిల్ ఎత్తి మాను మీద నుంచి దాటించుకుని వెళ్ళాడు.

ఉద్యోగం ఇంకా ఎనిమిది నెలలుంది. పుస్తకం రాయనక్కర్లేదు. పోటు వచ్చినప్పుడల్లా తలుపులు దించెయ్యమని నోటిమాటగా చెప్పారు. దించితే వాన నీళ్ళు పోవు, ఊడుపులు మునుగుతాయి. ఎత్తితే ఉప్పు వస్తుంది. పైగా నాలుగో తలుపు అడుగున తుప్పు తిని జానెడు కంత పడింది. దించినా దించనట్టే.

శ్రావణంలో ఒక సాయంత్రం పోటు వేళకి అతను తూము దగ్గరికి బయల్దేరితే పుష్పలత వెనకాలే వచ్చింది. ఆమె చెప్పులు గట్టు మీద విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మెట్లు దిగింది. పాచికి కాలు జారబోయి గోడ పట్టుకుంది. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుంది. నోట్లో పోసుకుని, అతను ఎన్నేళ్ళుగానో చేసినట్టే, కాసేపు ఉంచి పక్కకి ఉమ్మింది. పైకి చూసింది.

శ్రావణం. గోదావరి నిండుగా ఉండాల్సిన నెల. ముప్పై ఏళ్ళలో ఆ నెల ఆ పుస్తకాల్లో చప్పన తప్ప ఇంకో మాట లేదు.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు బెంజమిన్.

"ఉప్పగానే ఉన్నాయండి."

"ఉప్పనా, అనుమానమా? సరిగ్గా చూసి చెప్పు."

ఆమె మళ్ళీ వంగింది. మళ్ళీ ఉమ్మింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"అనుమానమేం లేదండి."

అతను తలుపులు దించడం మొదలుపెట్టాడు. ఆరూ దిగాయి. నాలుగోదాని కంతలోంచి నీళ్ళు లోపలికి పోతూనే ఉన్నాయి. పుష్పలత బొడ్లో దోపుకున్న చిన్న పుస్తకం తీసి ఇచ్చింది. అంగన్‌వాడీలో పిల్లల బరువులు రాసుకునేది, సగం ఖాళీ. అతను తారీకు వేశాడు, తిథి వేశాడు. మాట రాశాడు. రాసి, దాని పక్కన, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ రాయనిది ఇంకో ముక్క రాశాడు: చూసినది పుష్పలత.

ఎవరికీ అక్కర్లేని పుస్తకం అది. నీళ్ళు కంతలోంచి పోతున్న చప్పుడు గట్టు దాటేదాకా వినబడింది.